పెట్టెడు గ్రేప్‌ఫ్రూట్ వచ్చిపడింది, రసం కాకుండా ఇంకేం చేయొచ్చు?

ఆస్టిన్_అమ్మడు | జనవరి 8

అందరికీ నమస్తే. మా ఆయన ఆఫీసులో ఒకాయనది టెక్సాస్ దక్షిణాన ఉన్న మెకాలెన్. క్రిస్మస్‌కి ఊరెళ్ళి వస్తూ అక్కడి ప్యాకింగ్ షెడ్డులో కొన్న ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ పెద్ద పెట్టె నిండా తెచ్చిచ్చారు. మా ఆయన రోజూ పొద్దున్న సగం కాయ కోసుకుని చెంచాతో తినేస్తారు. పిల్లలు చేదని దగ్గరకి రానివ్వడం లేదు. నేనేమో పెట్టె వైపు చూసినప్పుడల్లా ఇవి పాడైపోతే ఎలా అని టెన్షన్ పడుతున్నాను.

నిమ్మ కేకు, ఆరెంజ్ కేకు తరచూ చేస్తాను కాబట్టి బేకింగ్ కొత్త కాదు. అవే కొలతల్లో నిమ్మ బదులు ఇది వేస్తే సరిపోతుందా? మన వంటల్లో ఎవరైనా వాడారా? పులిహోర, పచ్చడి, ఏదైనా సరే చెప్పండి. గరాజ్‌లో పెట్టాను, అక్కడ ఎన్నాళ్ళు ఉంటాయి?

పిండి_పంచదార | జనవరి 8

అమ్మడు గారూ, ముందు నిల్వ సంగతి. బయట వారం, మహా అయితే పది రోజులు. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెడితే వారాల తరబడి ఉంటాయి. గరాజ్ చల్లగా ఉన్నంతకాలం పర్లేదు కానీ మన టెక్సాస్ చలిని నమ్మలేం, ఇవాళ గడ్డకట్టి ఎల్లుండి ఎండ కాస్తుంది. మెత్తబడినవి ముందు తీసి వాడేయండి.

ఇక కేకు. నిమ్మ కొలతల్లో గ్రేప్‌ఫ్రూట్ వేస్తే పనికిరాదు. నిమ్మరసంలో పులుపు ఎక్కువ, నాలుగు చెంచాలు పడితే కేకంతా తెలుస్తుంది. దీని రసంలో నీళ్ళు ఎక్కువ, పులుపు తక్కువ. పిండిలో కప్పుడు పోసినా కాలాక ఏమీ మిగలదు, కేకు మాత్రం బరువుగా దిగబడుతుంది. వాసనంతా పైతొక్కలో ఉంది. పసుపు, గులాబీ కలిసిన ఆ పలచటి పొర వరకే సన్నని తురుము పీటతో తీయండి, కింద తెల్లగుజ్జు తగలకూడదు. చేదు అక్కడ ఉంటుంది. తురుముని పంచదారలో వేసి తడి ఇసుకలా అయ్యేవరకు వేళ్ళతో నలపండి. నూనె పంచదారలోకి దిగుతుంది. గ్రేప్‌ఫ్రూట్ కేకులో అసలు పని ఇదొక్కటే, మిగతాదంతా మామూలు పెరుగు కేకు.

నా కొలతలు: మైదా కప్పున్నర, బేకింగ్ పౌడర్ రెండు టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, పంచదార కప్పు, ఒక పెద్ద కాయ తురుము, చిక్కటి పెరుగు కప్పు, గుడ్లు మూడు, వాసన లేని నూనె అరకప్పు. పంచదార, తురుము నలిపాక పెరుగు, గుడ్లు కలిపి, పొడి పిండి జల్లించి వేసి, చివర్లో నూనె. పొడవాటి లోఫ్ పాన్‌లో 350 ఫారెన్‌హీట్ దగ్గర 50 నిమిషాలు. బయటికి తీసి పది నిమిషాలు ఆగి, వేడి కేకుకి పుల్లతో పొడిచి, మూడోవంతు కప్పు తాజా రసంలో టేబుల్ స్పూను పంచదార కరిగించి పైన పోయండి. రసం ఉండాల్సింది ఇక్కడ, పిండిలో కాదు.

ఉప్పు అర టీస్పూను చూసి తగ్గించకండి. చేదుని నొక్కేది పంచదార కంటే ఉప్పే. నమ్మకం లేకపోతే ఒక తొన మీద పంచదార, ఇంకో తొన మీద చిటికెడు ఉప్పు వేసి తిని చూడండి.

వేపపువ్వు | జనవరి 8

చేదు నొక్కడం, చేదు తీయడం, చేదు తగలకుండా చూడడం. కాకరకాయని బెల్లం పెట్టి బతికించే జాతి మనది, గ్రేప్‌ఫ్రూట్‌నీ వదలరు! చేదు అక్కర్లేకపోతే ఆరెంజ్ కొనుక్కోండి, చవక కూడా.

పిండి_పంచదార | జనవరి 8

వేపపువ్వు గారూ, ఆవిడ పిల్లలకి పెట్టాలండీ. మీకూ నాకూ కాదు.

లోయ_వాసి | జనవరి 9

మా ఊరి కాయల గురించి మాట్లాడుకుంటుంటే ఊరుకోలేక లాగిన్ అయ్యాను. నేను ఉండేది వెస్లకోలో, మెకాలెన్ పక్కనే. టెక్సాస్ గ్రేప్‌ఫ్రూట్ అంటే ఈ రియో గ్రాండే వ్యాలీదే. హిడాల్గో, కామెరాన్, విలసీ, ఈ మూడు కౌంటీల్లోనే తోటలన్నీ.

ఈ పండు పుట్టింది 18వ శతాబ్దంలో బార్బడోస్‌లో. పంపర పనసకీ తియ్య నారింజకీ దానంతటదే కుదిరిన సంకరం. అప్పట్లో లోపల తెల్లగా ఉండేది. మా దగ్గర 1929లో ఒక గులాబీ రంగు చెట్టుకి ఎర్రగుజ్జు కాయలు కాశాయి. అదే రూబీ రెడ్. తర్వాత ఇక్కడి వెస్లకో సిట్రస్ సెంటర్ నుంచి 1984లో రియో రెడ్ వచ్చింది. మీ పెట్టెలో ఉన్నవి దాదాపు ఖాయంగా అవే. 1993లో ఎర్ర గ్రేప్‌ఫ్రూట్‌ని టెక్సాస్ రాష్ట్ర ఫలంగా ప్రకటించారు. జనవరి వచ్చిందంటే మిషన్ ఊళ్ళో సిట్రస్ ఫియెస్టా జరుగుతుంది, తొక్కలూ ఆకులూ గింజలూ ఎండబెట్టి పొడిచేసి వాటితో అలంకరించిన గౌన్లు వేసుకుని అమ్మాయిలు నడుస్తారు. మా ఆవిడ మొదటిసారి చూసి పచ్చడికి పనికొచ్చే తొక్కలన్నీ బట్టలకి తగలేశారని తిట్టింది.

పనికొచ్చే మాట: కోశాక ఈ పండు పండదు, తియ్యబడదు. కాబట్టి ఎప్పుడు కోశారన్నదే ముఖ్యం. నవంబరు కాయ పుల్లగా ఉంటుంది. చెట్టు మీద ఎంత నిలిస్తే అంత పులుపు తగ్గుతుంది, జనవరి నుంచి మార్చి దాకా వచ్చేవి మంచివి. కొనేటప్పుడు రంగు చూడకండి, బరువు చూడండి. తొక్క నున్నగా, పలచగా ఉండి చేతికి బరువు తగలాలి. పైన మచ్చలు గాలికి కొమ్మలు రాసుకున్నవి, లోపల ఏమీ కాదు. తొడిమ దగ్గర బుంగలా లేచి తొక్క గరుకుగా ఉందా, లోపల గుజ్జు కంటే తెల్లబెండు ఎక్కువ.

ఇంకోటి. ఇక్కడికి వచ్చేవాళ్ళు ఎవరింటి చెట్టు కాయలైనా ఆకులతో సహా కోసుకుని కారులో వేసుకెళ్ళకండి. సిట్రస్ గ్రీనింగ్ తెగులు 2012లో టెక్సాస్‌లో బయటపడింది, అప్పటినుంచి క్వారంటైన్ నిబంధనలున్నాయి. షెడ్డులో కడిగి ప్యాక్ చేసినవి కొనుక్కోండి. ఫ్లోరిడాలో 2005లో కనబడిన ఈ తెగులు అక్కడి తోటల్ని ఏ గతి పట్టించిందో తెలిసిందే. మా దగ్గర దానికితోడు 1983, 1989 డిసెంబర్లలో, మళ్ళీ 2021 ఫిబ్రవరిలో మంచు దెబ్బ.

ఆస్టిన్_అమ్మడు | జనవరి 9

లోయ_వాసి గారూ, బరువు చూసి వేరుచేశాను. నిజమే, తేలికగా ఉన్నవి కోస్తే తొక్కే సగం ఉంది. వాటిని దేనికి వాడాలి?

పెసరట్టు_ప్లేనో | జనవరి 9

అమ్మాయ్, తొక్క మందంగా ఉన్నవి పారేయకు. పచ్చడికి అవే కావాలి.

మా అమ్మ కమలాపండు తొక్కలతో చేసే పచ్చడే, దీనితో ఇంకా బాగుంటుంది. రెండు కాయల తొక్క చిన్న ముక్కలుగా తరిగి, నీళ్ళలో ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్ళు వంపేయి. మరీ చేదు పడకపోతే రెండోసారి కూడా. ముక్కల్ని పిండి ఆరబెట్టి నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించు. చింతపండు నిమ్మకాయంత నానబెట్టి చిక్కటి గుజ్జు తీసి ముక్కల్లో పోసి ఉడికించు. ఉప్పు, పసుపు, బెల్లం నిమ్మకాయంత, కారం నీ ఇష్టం. దగ్గరపడ్డాక ఆవాలు, మెంతులు, ఎండుమిరపకాయలు, ఇంగువ పోపు. కొంచెం మెంతిపొడి కూడా చల్లు. మొదటి రోజు తిని బాగాలేదనకు, మూడో రోజు చూడు. దిబ్బరొట్టెలోకి, పెరుగన్నంలోకి అదిరిపోతుంది.

పులిహోరకి కూడా వాడతాను. కానీ పిండి_పంచదార బాబు చెప్పినట్టు ఇందులో పులుపు చాలదు. పావుకిలో బియ్యానికి అరకప్పు గ్రేప్‌ఫ్రూట్ రసం, ఒక పెద్ద నిమ్మకాయ రసం కలుపు. పోపు వేసి, అన్నం చల్లారాక రసం కలపాలి. పోపులో అల్లం, పచ్చిమిర్చి ఎక్కువ పడాలి, జీడిపప్పు బదులు వేరుశెనగ గుళ్ళు. అన్నం కాస్త పలుకుగా వండుకో, రసం ఎక్కువ కదా. పై తొక్క తురుము చిటికెడంటే చిటికెడు. ఎక్కువేశావంటే సబ్బు వాసన.

పిండి_పంచదార | జనవరి 9

పిన్నిగారూ, రసాన్ని మరిగించి పావు వంతు చేసి కలిపితే నిమ్మ అక్కర్లేదు కదా? నేను కర్డ్‌కి (పెరుగు కాదు, రసం, పచ్చసొన, వెన్న, పంచదారతో చేసే క్రీము) అలాగే చేస్తాను.

పెసరట్టు_ప్లేనో | జనవరి 9

మరిగిస్తే పులుపుతోపాటు చేదు కూడా చిక్కబడుతుంది నాయనా. నీ కర్డ్‌లో గిన్నెడు పంచదార, వెన్న ఉంటాయి, కప్పేస్తాయి. అన్నంలో ఏముంది కప్పడానికి? పైగా మరిగిన రసానికి జామ్ వాసన వస్తుంది. పులిహోరకి పచ్చి రసమే.

వేపపువ్వు | జనవరి 9

గ్రేప్‌ఫ్రూట్ పులిహోర. విన్నాను. ఇక నాకు నిద్రపట్టదు.

నల్గొండ_పోరడు | జనవరి 10

మా బత్తాయి రైతులు మీ మాటలు వింటే నవ్వుకుంటారు. ఇక్కడ హైదరాబాద్‌లో గ్రేప్‌ఫ్రూట్ అంటే పెద్ద సూపర్ మార్కెట్‌లో స్టిక్కరేసి ఒక్కో కాయ అమ్ముతారు. అదీ చలికాలంలో తక్కువ, దక్షిణాఫ్రికాది మన ఎండాకాలం నుంచి వస్తది, వాళ్ళకి అప్పుడే సీజన్. ఆ ధర పెట్టి తొక్కల పచ్చడి చేస్తే మా అమ్మ ఇంట్లోకి రానియ్యదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక దారి చెప్తా. నేను చిన్న కేఫ్ కోసం కేకులు చేసిస్తా. పంపర పనస దొరికినప్పుడు దాని పైతొక్క తురుము, బత్తాయి రసం మూడొంతులు, నిమ్మరసం ఒక వంతు కలిపి పైన చెప్పిన కేకే చేస్తే దాదాపు ఆ రుచి వస్తది. పంపర పనసే దీని తల్లి అని అన్న చెప్పిండు కదా, వాసనలో పోలిక తెలుస్తది. బత్తాయి రసం మాత్రం తీసినవెంటనే వాడాలె, నిలబెడితే చేదు తిరుగుతది.

పిండి_పంచదార | జనవరి 10

పోరడు మంచి పాయింట్ పట్టాడు. గ్రేప్‌ఫ్రూట్‌కీ అంతే. రెండు రకాల చేదు ఉంది ఇందులో. నరింజిన్ అని ఒకటి, కొరికిన వెంటనే తగిలేది. లిమోనిన్ అని ఇంకోటి, కాయలో చేదు లేని రూపంలో ఉండి, రసం పిండాక ఆ పులుపులో మెల్లగా చేదుగా మారుతుంది. అందుకే పొద్దున్న పిండి ఫ్రిజ్‌లో పెట్టిన రసం సాయంత్రానికి మరోలా ఉంటుంది. మిక్సీలో గింజలతో సహా తిప్పితే ఇంకా ఘోరం. చేత్తో పిండండి, వడగట్టండి, వెంటనే వాడండి.

మందుల_బాబాయ్ | జనవరి 10

ఇంతమంది ఇన్ని రాశారు, ఒక్కరూ ఈ మాట ఎత్తలేదు. నేను న్యూజెర్సీలో ఫార్మసిస్టుని. మన ఇళ్ళల్లో చలికాలం అమ్మానాన్నలు వచ్చి ఉంటారు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, విసుక్కోకండి.

గ్రేప్‌ఫ్రూట్‌లో ఫ్యురానోకూమరిన్లు అనే పదార్థాలుంటాయి. కొన్ని మందుల్ని పేగుల్లోనే చాలావరకు విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది, సీవైపీ3ఏ4. ఇవి దాన్ని పనిచేయకుండా చేస్తాయి. అప్పుడు రోజూ వేసుకునే అదే మాత్ర ఎన్నో రెట్లు ఎక్కువ రక్తంలోకి వెళ్తుంది. కొలెస్ట్రాల్‌కి వాడే సింవాస్టాటిన్, లోవాస్టాటిన్, కొంతవరకు అటోర్వాస్టాటిన్. బీపీకి ఫెలోడిపిన్, నిఫెడిపిన్. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్. గుండె లయకి అమియోడరోన్. జాబితా ఇంకా చాలా ఉంది.

ఇది తెలిసింది కూడా అనుకోకుండానే. కెనడాలో ఒంటారియోలోని లండన్ నగరంలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ మీద మద్యం ప్రభావం చూస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చింది. రక్తంలో మందు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ కనబడింది. కారణం రసం అని తేలింది. 1989లో మొదట ప్రచురించారు.

జనం అడిగే మొదటి ప్రశ్న: మాత్ర రాత్రి వేసుకుని పండు పొద్దున్న తింటే? కుదరదు. ఆ ఎంజైమ్‌ని పేగులు మళ్ళీ కొత్తగా తయారుచేసుకోవాలి, ఒక రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. రెండోది: ఉడికిస్తే, కేకులో కాలిస్తే పోతుందా? పోతుందని నమ్మి ఎవరికీ పెట్టకండి. తొక్క పచ్చడి, మార్మలేడ్ (తొక్క ముక్కలతో చేసే జామ్ లాంటిది), పాకం పట్టిన తొక్క అన్నీ ఇందులోకే వస్తాయి. పంపర పనస, మార్మలేడ్‌కి వాడే సెవిల్ నారింజ కూడా అంతే. మామూలు కమలాతో ఈ ఇబ్బంది లేదు.

మందులు వాడని ఆరోగ్యవంతులకి ఏ భయమూ లేదు. వాడేవాళ్ళు మాత్రం మాత్ర పేరు పట్టుకుని మీ డాక్టర్నో ఫార్మసిస్టునో అడగండి. ఒకే జబ్బుకి అన్ని మాత్రలూ ఇలా కావు, ప్రావాస్టాటిన్, రోసువాస్టాటిన్‌లతో ఈ గొడవ లేదు. కాబట్టి పండు ఇష్టమైతే మందు మార్చే వీలుందేమో వాళ్ళే చెప్తారు. మీ అంతట మీరు మాత్ర ఆపేయకండి.

ఆస్టిన్_అమ్మడు | జనవరి 10

బాబాయ్ గారూ, చేతులెత్తి దండం. మా అత్తయ్యగారు వచ్చి ఉన్నారు, కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటారు. పేరు చూశాను, అటోర్వాస్టాటిన్. పాపం ఈ పండు ఆవిడకి భలే నచ్చింది. రేపు డాక్టర్‌కి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఆవిడకి ఆరెంజ్.

మోడరేటర్ | జనవరి 10

బాబాయ్ గారి పోస్టుని పైన పిన్ చేశాం. ఎవరి మాత్ర ఏమిటో ఇక్కడ రాసి అడగొద్దు, డాక్టర్ని అడగండి. వంట మాట్లాడుకుందాం.

లీడ్స్_చలి | జనవరి 11

ఇంగ్లండ్‌లో జనవరి అంటే సెవిల్ నారింజలు కొన్ని వారాలే దొరికే కాలం, వీధిలో సగం ఇళ్ళల్లో మార్మలేడ్ ఉడుకుతుంటుంది. నేను గ్రేప్‌ఫ్రూట్‌తో చేస్తాను, ఇక్కడ మాత్రం వేపపువ్వు గారి పక్షమే. మార్మలేడ్‌లో చేదు లేకపోతే అది జామ్.

కిలో గ్రేప్‌ఫ్రూట్, రెండు నిమ్మకాయలు, రెండు లీటర్ల నీళ్ళు. పైతొక్క పీల్ చేసి సన్నగా చీలికలు తరగండి. రసం పిండండి. తెల్లబెండు, గింజలు, తొనల పొరలు పారేయకుండా పలచటి గుడ్డలో మూటకట్టండి, గడ్డకట్టించే పెక్టిన్ వాటిలోనే ఉంది. చీలికలు, రసం, నీళ్ళు, మూట అన్నీ ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు చీలిక వేళ్ళమధ్య నలిగేంత మెత్తగా ఉడికించండి, గంటన్నర పైనే పడుతుంది. పంచదార ముందే వేస్తే తొక్క గట్టిపడిపోయి ఇక ఉడకదు. మూట చల్లారాక బాగా పిండితే జిగురు దిగుతుంది, అది కూడా గిన్నెలోకే. అప్పుడు కిలోన్నర పంచదార వేసి, కరిగాక పెద్ద మంట మీద 104, 105 సెల్సియస్ వచ్చేదాకా మరిగించాలి. థర్మామీటర్ లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టిన సాసర్ మీద చుక్క వేసి వేలితో నెట్టండి, ముడత పడితే అయినట్టే. దించి పావుగంట ఆగి సీసాల్లో పోయండి, లేకపోతే తొక్కలన్నీ పైకి తేలతాయి.

ఆరు యాలకులు దంచి మూటలో పడేస్తాను నేను. ఇంగ్లీషు పక్కింటావిడ అదేంటో కనుక్కోలేక నెల నుంచి అడుగుతోంది, చెప్పలేదు.

ఆస్టిన్_అమ్మడు | జనవరి 11

లీడ్స్ అక్కా, పాకం పట్టిన తొక్క ఎలా చేయాలి? టూటీ ఫ్రూటీ బదులు కేకులో వేద్దామని.

లీడ్స్_చలి | జనవరి 11

తొక్కని తెల్లబెండుతో సహా వేలు వెడల్పు ముక్కలుగా కోసి, చల్లటి నీళ్ళలో వేసి మరిగించి వంపేయి. మళ్ళీ కొత్త నీళ్ళు. మొత్తం మూడుసార్లు. తర్వాత పంచదార, నీళ్ళు సమానంగా తీసుకుని పాకంలో సన్నసెగ మీద గంటసేపు, ముక్క అద్దంలా కనబడాలి. కలియబెట్టకు, పంచదార గడ్డలు కడుతుంది. జాలీ మీద ఒక రాత్రి ఆరబెట్టి పంచదారలో దొర్లించడమే. మిగిలిన పాకం పారబోయకు, సోడాలో పోసుకుంటే బాగుంటుంది. సగం ముక్కలు కరిగించిన డార్క్ చాక్లెట్‌లో ముంచి పెట్టుకో. నిజం చెప్పాలంటే కేకు దాకా మిగలవు.

కొత్త_పొయ్యి | జనవరి 12

ఇక్కడ కొత్త. లెమన్ కర్డ్ రెసిపీలో నిమ్మ బదులు ఎర్ర గ్రేప్‌ఫ్రూట్ రసం పోశాను. గట్టిపడలేదు, గులాబీ రంగులో వస్తుందనుకుంటే బూడిద కలిసిన పసుపు వచ్చింది, నాలుక మీద ఏదో ఇనుము రుచి. మూడూ ఎందుకు?

పిండి_పంచదార | జనవరి 12

ఇనుము రుచికి గిన్నె కారణం. అల్యూమినియం, పోత ఇనుము గిన్నెలతో పుల్లటి రసాలు కలబడతాయి. స్టీలు గానీ గాజు గానీ వాడండి, తిప్పడానికి చెక్క గరిటె.

గట్టిపడకపోవడానికి నీళ్ళు. కప్పుడు రసాన్ని మరిగించి పావు కప్పు చేయండి. చల్లారాక రెండు టేబుల్ స్పూన్ల నిమ్మరసం, అరకప్పు పంచదార, చిటికెడు ఉప్పు, నాలుగు పచ్చసొనలు కలిపి, మరుగుతున్న నీళ్ళ మీద పెట్టిన గిన్నెలో ఆపకుండా తిప్పుతూ గరిటె వెనక అంటుకునేంత చిక్కబడనివ్వాలి. థర్మామీటర్‌లో 170 ఫారెన్‌హీట్. దించి 85 గ్రాముల వెన్న ముక్కలు ఒకటొకటిగా. తురుము చివర్లో కలపండి, ముందే వేస్తే వాసన ఎగిరిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టాక ఇంకా బిగుస్తుంది.

రంగు మీద ఆశ వదులుకోండి. ఈ పండు ఎరుపు టమాటాలో ఉండే లైకోపీన్ వల్ల. అది నీళ్ళలో కరగదు, గుజ్జుని అంటిపెట్టుకుని ఉంటుంది. వడగట్టిన రసంలో మిగిలేది లేత రంగు, దానికి పచ్చసొన పసుపు తోడైతే పీచ్ రంగు దాకా వస్తుంది, అంతే. గులాబీ కేకుల ఫోటోల్లో ఫుడ్ కలరో, బీట్‌రూటో, రాస్ప్‌బెర్రీనో ఉంటుంది. నాకైతే పీచ్ రంగే అందం.

డల్లాస్_దోసకాయ | జనవరి 13

కేకులు సరే, సలాడ్ ఎవరూ చెప్పలేదేంటి? డల్లాస్‌లో పాతకాలం వాళ్ళకి గ్రేప్‌ఫ్రూట్ అంటే గసగసాల డ్రెస్సింగ్. 1950లలో ఇక్కడి నైమన్ మార్కస్ స్టోరు రెస్టారెంట్ నడిపిన హెలెన్ కార్బిట్ దీనికి పేరు తెచ్చింది. పంచదార, వెనిగర్, ఆవపొడి, ఉప్పు, ఉల్లిపాయ రసం కలిపి చిలుకుతూ నూనె ధారగా పోయాలి, చిక్కబడ్డాక గసగసాలు. ఆవ, గసగసాలు, ఉల్లి మన పోపుల డబ్బాలోంచి తీసినట్టే ఉంటాయి. నేను పంచదార సగం తగ్గించి, పచ్చిమిర్చి ఒకటి దంచి వేస్తాను.

తొనలు తీయడం కూడా చెప్తాను, చాలామంది పొరలతో సహా వేసి చేదంటారు. కాయకి రెండు కొసలు కోసి నిలబెట్టి, కత్తితో తొక్క, తెల్లబెండు, గుజ్జుపై పొర కలిపి చెక్కేయండి. తర్వాత ఒక్కో పొరకీ గుజ్జుకీ మధ్య కత్తి దింపితే తొన నగ్నంగా ఊడివస్తుంది. కింద గిన్నె పెట్టుకోండి, కారే రసమే డ్రెస్సింగ్‌లోకి. అవకాడో, పలచటి ఎర్ర ఉల్లి చక్రాలు, కొత్తిమీర. అవకాడో కొవ్వు చేదుని మెత్తబరుస్తుంది. రొయ్యలు తినేవాళ్ళు ఉడకబెట్టిన రొయ్యలు, వేయించిన వేరుశెనగ, కొబ్బరి కోరు వేసుకోండి. థాయ్‌లాండ్ వాళ్ళు పంపర పనసతో ఇలాగే చేస్తారు.

పెసరట్టు_ప్లేనో | జనవరి 13

గుడ్డు లేని కేకు ఎవరైనా చెప్పండర్రా. శనివారం పూజకి వచ్చేవాళ్ళల్లో తినని వాళ్ళున్నారు.

నల్గొండ_పోరడు | జనవరి 13

పిన్నీ, మా కేఫ్‌లో ఎక్కువ పోయేది అదే. కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార (తురుము నలిపినది) కరిగించి, ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను వంట సోడా వేసి ఐదు నిమిషాలు పక్కన పెట్టు, నురగలా పొంగుతది. అరకప్పు నూనె, జల్లించిన కప్పున్నర మైదా మెల్లగా కలుపు, ఎక్కువ తిప్పకు. 180 సెల్సియస్‌లో 35 నుంచి 40 నిమిషాలు. దీనిలో పిండిలోకి రసం అసలు వద్దు. సోడా పులుపునంతా తినేస్తది, చేదు ఒక్కటి మిగుల్తది. రసం చల్లారిన కేకు మీద, ఐసింగ్ షుగర్‌లో కలిపి పూతలాగ.

ఆస్టిన్_అమ్మడు | జనవరి 17

చేసినవి చెప్తాను. పెరుగు కేకు సూపర్ హిట్, పిల్లలు రెండోసారి అడిగారు, అందులో ఏముందో చెప్పలేదు. తొక్క పచ్చడి మూడో రోజు నుంచి నిజంగానే మారింది. పులిహోర నాకు నచ్చింది, మా ఆయన "నిమ్మకాయలు అయిపోయాయా?" అన్నారు. అత్తయ్యగారికి డాక్టర్ వద్దనే చెప్పారు, ఆవిడ కోసం అదే కేకు విడిగా ఆరెంజ్‌తో చేశాను. సగం కాయల మీద బ్రౌన్ షుగర్, చిటికెడు ఉప్పు చల్లి ఓవెన్‌లో బ్రాయిలర్ (పైనుంచి వచ్చే సెగ) కింద నాలుగు నిమిషాలు పెట్టాను, పైన పెళుసుగా కరిగి లోపల చల్లగా ఉంది. పెట్టెలో ఇంకా అడుగు వరస ఉంది. ఫ్రీజర్‌లో పెట్టొచ్చా?

వేపపువ్వు | జనవరి 17

బ్రాయిలర్ ఐడియా బాగుంది. పంచదార లేకుండా ఉప్పు, మిరియాలతో చేస్తాను.

పిండి_పంచదార | జనవరి 17

కాయ అలాగే వద్దు, కరిగాక గుజ్జు నీళ్ళోడుతుంది. ముందు అన్నిటి పైతొక్కా తురిమేయండి. తురుముని పంచదారలో నలిపి చిన్న డబ్బాలో ఫ్రీజ్ చేస్తే కేకులకి నేరుగా వాడుకోవచ్చు. రసం పిండిన వెంటనే ఐస్ ట్రేలో పోసి, గడ్డకట్టాక కవర్లో వేయండి. ఒక్కో గడ్డ దాదాపు రెండు టేబుల్ స్పూన్లు, కొలత తేలిక. కరిగాక పచ్చిగా తాగితే కాస్త చేదెక్కి ఉంటుంది, కర్డ్‌కీ కేకు పైపాకానికీ మాత్రం బాగానే పనికొస్తుంది. కవర్ మీద తేదీతోపాటు గ్రేప్‌ఫ్రూట్ అని పెద్దగా రాయండి, అత్తయ్యగారు నిమ్మరసం అనుకుని వాడకుండా.